విద్యుత్ప్రవాహము, గోదావరీ ప్రవాహము: సఖినేటిపల్లి మొదలుగా ఒక చారిత్రక పరిశీలనము

తెలుగునాట విద్యుచ్ఛక్తి చరిత్ర సాధారణముగా రెండు విధములుగా చెప్పబడుచున్నది. ఒకటి భౌతికశాస్త్ర గ్రంథములలోనిది. అందు గిల్బర్టు, వోల్టా, ఫారడే మున్నగువారి పేర్లును, వారు కనుగొనిన సూత్రములును వరుసగా వచ్చును. మన నేల ప్రసక్తి రాదు. రెండవది పరిపాలనా నివేదికలలోనిది. అందు కేంద్రముల పేర్లు, మెగావాట్లు, ప్రారంభోత్సవముల తేదీలు వచ్చును. తీగలో ఏమి జరుగుచున్నదో రాదు. ఈ రెంటిని కలిపి చదివిననే గాని విద్యుత్తు ఒక సీమ జీవనములోనికి ఏ దారిని వచ్చినదో, అందులకు ఎవరు ఏమి చెల్లించిరో తేటపడదని మా అభిప్రాయము. ఒక చిన్న చోటిని ఆధారముగా గొని దీనిని నిరూపింప యత్నింతుము.

ఆ చోటు సఖినేటిపల్లి. వసిష్ఠ గోదావరి ఎడమగట్టున, నరసాపురమునకు ఎదురుగా, వసిష్ఠ వైనతేయ శాఖల నడిమి భూమిపై ఈ గ్రామము కలదు. దిగువను అంతర్వేదివద్ద వసిష్ఠ సముద్రమున కలియుచున్నది. తరతరములుగా జనులు ఇచటి రేవున పంటు నెక్కి ఆవలి గట్టు చేరుచు వచ్చిరి. 2022 వరకు తూర్పుగోదావరి జిల్లాలోను, పిదప కోనసీమ జిల్లాలోను చేరిన ఈ ప్రాంతము నదికి తుది, కాలువలకు శివారు, విద్యుత్తు తీగలకును ఒక కొన. చరిత్ర యొక్క లెక్క కొనయందే సరిచూచుకొన వీలగును.

1. నామవిచారము

సంస్కృతమున విద్యుత్తు అనగా మెఱుపు. దానికి పర్యాయములుగా నిఘంటువులలో క్షణప్రభ, చంచల, తటిత్తు మున్నగు పదములు కలవు. నిలుకడలేమియే ఈ పదములన్నిటి ప్రధాన భావము. క్షణమాత్రము వెలుగునది, చలించునది, పట్టుపడనిది. అట్టి వస్తువును తీగలో నిలిపి రాత్రియంతయు వెలిగించు కాలము వచ్చినను పాత పేరే నిలిచినది. అర్థము మాత్రము తలక్రిందైనది. నేడు విద్యుత్తు అనగా నిలుకడగా వచ్చునది. రానిచో అది వార్త.

ఐరోపా భాషలలో దీనికి మూలపదము మెఱుపునుండి కాక, ‘ఎలెక్ట్రాన్’ అను గ్రీకు పదమునుండి పుట్టినది. దాని అర్థము తృణమణి. రుద్దినచో గడ్డిపరకలను ఆకర్షించు గుణము ఆ మణికి కలదని ప్రాచీనులు ఎఱుగుదురు. మనవారు పెట్టిన తృణమణి, తృణగ్రాహి అను పేర్లు ఆ గుణమునే చెప్పుచున్నవి. కాని మన పూర్వులు గాని గ్రీకులు గాని మబ్బులోని మెఱుపును, మణిలోని ఆకర్షణమును ఒకే పదార్థధర్మముగా గుర్తింపలేదు. ఆ సంబంధము పదునెనిమిదవ శతాబ్ది మధ్యమున ఫ్రాంక్లిను సూచించిన ప్రయోగములతో గాని స్థిరపడలేదు.

జనుల నోట మాత్రము నిలిచినది ‘కరెంటు’. ఈ ఆంగ్లపదమునకు ప్రవాహమని అర్థము. ‘కరెంటు వచ్చినది’, ‘కరెంటు పోయినది’ అను వాడుక దానిని రాకపోకలు గల చుట్టముగా చేసినది. దీనికంటె ముందు వచ్చిన మాట ‘తంతి’. వీణతంతి, అనగా మ్రోగు తీగ, వార్తను మోయు తీగగా మారి, తుదకు ఆ వార్తకే పేరైనది. ‘తంతి వచ్చినది’ అనగా ఇంటిల్లిపాది గుండె ఝల్లుమనెడు కాలము ఒకటి యుండెను. 2013 జూలైలో టెలిగ్రాము సేవ ముగియుటతో ఆ ప్రయోగమునకు ఆధారమును పోయినది. పదములే చరిత్రకు తొలి సాక్ష్యములు. తెలుగువాడు విద్యుత్తును మొదట తీగగాను, పిదప ప్రవాహముగాను ఎఱిగెనని తంతి, కరెంటు అను ఈ రెండు మాటలు తెలుపుచున్నవి.

2. మోయునది, ఆపునది

విద్యుత్తు ఒక చోటినుండి మరియొక చోటికి పోగలదని ప్రయోగపూర్వకముగా చూపినవాడు స్టీఫెన్ గ్రే అను ఆంగ్లేయుడు. 1729లో అతడు జనపనార త్రాటిని వందల అడుగుల పొడవున చాచి, ఒక కొనవద్ద గాజుగొట్టమును రుద్దగా రెండవ కొన తేలిక వస్తువులను ఆకర్షించెను. త్రాటిని పట్టుదారములతో వ్రేలాడదీసినప్పుడు ప్రయోగము నెరవేరినది. పట్టుదారము తెగగా దాని స్థానమున సన్నని ఇత్తడితీగ కట్టినప్పుడు నెరవేరలేదు. సన్నదనము కాదు, పదార్థమే కారణమని అతనికి తెలిసినది. పదార్థములు మోయునవియు, ఆపునవియు నని రెండు తెగలని తేలినది. తరువాత డెసగుల్యే మొదటి తెగకు ‘కండక్టరు’ అను పేరును వాడుకలోనికి తెచ్చెను.

మన పాఠ్యగ్రంథములలో వీనికి వాహకము, బంధకము అను పేర్లు స్థిరపడినవి. 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి తెలుగున శాస్త్రగ్రంథ ప్రచురణమునకు పూనుకొనిన నాటినుండి, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాలల పాఠ్యగ్రంథములను తెచ్చిన నాటివరకు జరిగిన పదనిర్మాణ కృషిలో ఇట్టివి వందలు పుట్టినవి. ‘ఇన్సులేటరు’ అను మాటకు మూలము లాటిను భాషలో ద్వీపమను అర్థముగల ‘ఇన్సులా’. చుట్టును వేరుపరచి ద్వీపముగా చేయునది అని భావము. మనవారు ద్వీపమును విడిచి బంధనమును గ్రహించిరి. ఈ పదమును కోనసీమవారు కల్పించియుండినచో ‘లంక’ అను మాట వారికి తప్పక తట్టెడిదేమో! నాలుగు వైపుల నీరున్న నేల ఏమగునో వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

1800లో వోల్టా రాగి లేక వెండి బిళ్లలను, యశదపు బిళ్లలను ఉప్పునీట తడిసిన అట్టముక్కలతో ఎడముచేసి దొంతిగా పేర్చి, ఎడతెగని ప్రవాహమును పొందెను. ‘క్షణప్రభ’ నిలుకడ పొందినది ఆనాడే. 1820లో ఓర్‌స్టెడ్ ప్రవాహము గల తీగ అయస్కాంతసూచిని కదలించునని కనుగొనెను. 1827లో ఓమ్ ప్రవాహమునకు, దానిని నడపు వోల్టేజికి, పదార్థపు నిరోధమునకు గల సంబంధమును ప్రకటించెను. 1831లో ఫారడే, అయస్కాంతము తీగచుట్టవద్ద కదలినచో చుట్టయందు ప్రవాహము పుట్టునని చూపెను. నేటి జలవిద్యుత్కేంద్రముగాని, బొగ్గు కేంద్రముగాని, వాయు కేంద్రముగాని ఫారడే చూపిన ఆ ఒక్క పనినే చేయుచున్నది. భేదమంతయు త్రిప్పువానియందే: ఒకచోట నీరు, ఒకచోట ఆవిరి, ఒకచోట మండు వాయువు.

భారతదేశమున ఈ జ్ఞానము మొదట దీపముగా రాలేదు, తంతిగా వచ్చినది. ఓషాగ్నెస్సి అను వైద్యుడు 1839లో కలకత్తా సమీపమున ప్రయోగాత్మకముగా తీగలు వేసెను. హుగ్లీ నదిలో తారుపూసిన జనపనార చుట్టిన తీగను ముంచి వార్త దాటించెను. 1851లో కలకత్తా, డైమండ్ హార్బరుల నడుమ తంతిమార్గము ఏర్పడెను. 1854 నాటికి అది ప్రజలకును అందుబాటులోనికి వచ్చెను. నదిని దాటించుట ఎట్లు అనునదే మన దేశమున విద్యుద్వాహకతకు తొలి పరీక్ష యైనదని గమనింపదగును. గోదావరిమీద సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము ఆనకట్ట కట్టించినది కూడ 1847, 1852ల నడుమనే. ఒకే దశాబ్దిలో ఒకచోట నీటిని తీగలు దాటుటయు, మరియొకచోట నీరు కాలువలకెక్కుటయు నేర్చినవి.

3. కాలువ ఉపమానము, దాని హద్దులు

డెల్టావాసికి కరెంటును బోధించుటకు కాలువకంటె మేలైన ఉపమానము లేదు. ఎత్తునుండి పల్లమునకు నీరు పారును. వోల్టేజి ఎక్కువగల చోటినుండి తక్కువగల చోటికి ప్రవాహము సాగును. కాలువ ఇరుకైనచో పారుదల తగ్గును. తీగ సన్ననైనచో నిరోధము పెరుగును. తూములు, లాకులు ఎట్లో స్విచ్చులు అట్లు. కాని ఉపాధ్యాయుడు ఈ ఉపమానమును ఎచట విడువవలెనో ఎఱుగనిచో విద్యార్థి మనస్సున పెద్ద భ్రాంతి నాటుకొనును.

ధవళేశ్వరమున విడిచిన నీరు కొన్ని దినములకు శివారు భూమిని చేరును. చేరిన నీరు అచట విడిచిన నీరే. విద్యుత్తు విషయము అట్లు కాదు. 1897లో జె. జె. థామ్సన్ ఎలక్ట్రానును కనుగొనిన పిదప, 1900లో డ్రూడ్ లోహములలో స్వేచ్ఛగా తిరుగు ఎలక్ట్రాన్లే ప్రవాహమునకు కారణమని సిద్ధాంతీకరించెను. ఒక ఘన మిల్లీమీటరు రాగిలో సుమారు ఎనిమిదిన్నర లక్షల కోటి కోట్ల స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు కలవు. ఇంత సమూహమున్నందున, ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత గల తీగలో ఒక ఆంపియరు ఏకముఖ ప్రవాహము సాగుటకు అవి గంటకు పాతిక సెంటీమీటర్లు జరిగినను చాలును. చీమనడకకంటె మందము. మన యిండ్లకు వచ్చునది సెకనుకు 50 ఆవృత్తములు గల ప్రత్యావర్తి ప్రవాహమగుటచే ఆ పాటి ప్రయాణమును లేదు. అట్టి తీగలో ఎలక్ట్రాను మిల్లీమీటరులో వేయవవంతుకు లోపల ముందు వెనుకలకు ఊగుచు అచటనే యుండును. ఎచటి కేంద్రములోని ఎలక్ట్రానును మన దీపమునకు రాదు. దీపములోనివి దీపములోనే కలవు. తీగవెంట కాంతివేగమునకు చేరువైన వేగముతో పోవునది వానిని ఊపు విద్యుత్ క్షేత్రము, దానితోడి శక్తి.

కావున కరెంటును నిండుకాలువతో పోల్చవలెను గాని ఎండుకాలువతో పోల్చరాదు. ఒకవైపు త్రోసిన క్షణముననే రెండవవైపు కదలు నిండుకాలువ అది.

రాగి మోయుటకును, పింగాణి మోయకుండుటకును కారణమును డ్రూడ్ సిద్ధాంతము చెప్పజాలకపోయెను. క్వాంటము సిద్ధాంతము ఆధారముగా 1928లో బ్లాక్, 1931లో విల్సన్ చేసిన పరిశోధనములవలన అది తేలినది. ఘనపదార్థమున ఎలక్ట్రాన్లకు అనుమతింపబడిన శక్తులు పట్టీలుగా ఏర్పడియుండును. సగము నిండిన పట్టీ గల లోహమున ఎలక్ట్రాన్లు కదలుటకు చోటు కలదు. పట్టీ పూర్తిగా నిండి, పై పట్టీ అందరాని ఎత్తున నున్నచో ఆ పదార్థము బంధకము. ఆ యెడము స్వల్పమైనచో అర్ధవాహకము. 1954లో బెల్ పరిశోధనశాలవారు తయారుచేసిన సిలికాను సౌరఘటము ఈ మూడవ తెగ ఫలమే.

4. మాచ్‌ఖండ్ నీరు, మాచ్‌ఖండ్ కరెంటు

దక్షిణమున దూరప్రాంతమునకు విద్యుత్తును పంపిన తొలి మహాప్రయత్నము 1902 నాటిది. కావేరిమీది శివసముద్రమునుండి కోలారు బంగారుగనులకు సుమారు 90 మైళ్లు తీగలు సాగినవి. ఆ గనులలో తెలుగు కార్మికులు అనేకులు పనిచేసిరి. మద్రాసు ప్రభుత్వము 1927లో విద్యుచ్ఛాఖను ఏర్పరచెను. 1932లో పైకారా, 1937లో మెట్టూరు కేంద్రములు వెలసినవి. అవి తమిళ జిల్లాలలోనివి. తీరాంధ్రమునకు పెద్ద జలవిద్యుత్కేంద్రము మాచ్‌ఖండ్‌తో గాని లభింపలేదు. 1953లో ఆంధ్రరాష్ట్రమేర్పడిన పిమ్మట, 1955లో అది ఉత్పత్తి ప్రారంభించెను. దాని పూర్తి సామర్థ్యము 114.75 మెగావాట్లు. తొలి ఒప్పందము ప్రకారము నూటికి 70 పాళ్లు ఆంధ్రకును, 30 పాళ్లు ఒడిసాకును చెందినవి. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడి పంపిణీని విస్తరింపజేసెను.

కొండలనుండి మైదానమునకు శక్తిని చేర్చుటలో ప్రధాన సమస్య తీగలో కలుగు నష్టము. ఈ నష్టము ప్రవాహపు వర్గమును అనుసరించి పెరుగును. 1,100 కిలోవాట్ల శక్తిని 11,000 వోల్టులతో పంపినచో ప్రవాహము 100 ఆంపియర్లు. 1,32,000 వోల్టులతో పంపినచో ఎనిమిదికి కొంచెము పైన మాత్రమే. వోల్టేజి పండ్రెండు రెట్లు పెరుగగా నష్టము నూటనలుబదినాలుగవ వంతునకు దిగినది. పొలములమీదుగా సాగు ఎత్తైన ఉక్కుగోపురములకు కారణము ఈ చిన్న గణితమే.

ఇచట భూగోళము ఒక విశేషమును చూపుచున్నది. మాచ్‌ఖండ్ నది దిగువను సీలేరగును. సీలేరు శబరిని చేరును. శబరి కూనవరమువద్ద గోదావరిలో కలియును. గోదావరి ధవళేశ్వరమువద్ద చీలగా వసిష్ఠ సఖినేటిపల్లి ప్రక్కనుండి సముద్రమునకు పోవుచున్నది. అనగా మాచ్‌ఖండ్‌లో చక్రములను త్రిప్పిన నీరు, పిదప 1960లలో ఎగువ సీలేరున, 1970లలో 460 మెగావాట్ల దిగువ సీలేరున మరల త్రిప్పి, తుదకు సఖినేటిపల్లి రేవున పంటును మోసినది. ఆ నీరు విడిచిన శక్తి తీగలవెంట తీరమునకు ముందే చేరినది. నీరు దినములలో, శక్తి రెప్పపాటులో. ఒకే వానచినుకునకు రెండు దారులు.

కాని మొదటి చెల్లింపు ఎవరిదో మరువరాదు. మాచ్‌ఖండ్ కొఱకు నిర్మించిన జలాపుట్ జలాశయము క్రింద ఆదివాసుల గ్రామములు, పొలములు మునిగినవి. ఆ కొండవారికి దీపములు తీగలతోబాటు రాలేదు. ఉత్పత్తియైన చోటికంటె వినియోగమైన చోటనే వెలుగు ముందు కనబడుట విద్యుత్తు చరిత్ర పొడవునను కానవచ్చు లక్షణము.

5. ఉప్పుగాలిలో తీగ

పదార్థముల గుణములు పుస్తకమున ఒక విధముగాను, సముద్రతీరమున ఒక విధముగాను కనిపించును. అంతర్వేదివద్ద అన్నాచెల్లెళ్ల గట్టున నదియు, సముద్రమును కలియుచోట నిలిచిచూచినచో ఒకే నీరువలె కనబడు రెండు వాహకములను చూచినట్లే. శుద్ధజలము దాదాపుగా బంధకము. సముద్రజలము దానికంటె సుమారు పది లక్షల రెట్లు మంచి వాహకము. లవణము కరగగా విడివడిన అయానులే దీనికి కారణము. నీటిలో విద్యుత్తును మోయునవి స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు కావు, అయానులు. అట్లయ్యు రాగితో పోల్చినచో సముద్రజలము కోటివంతు వాహకము మాత్రమే.

స్తంభములమీది పింగాణీ బంధకములపై సముద్రపుగాలి ఉప్పును పూయును. పొడిదినములలో దానివలన హాని లేదు. మంచు కురిసిన వేకువను ఆ ఉప్పు తడిసి, పింగాణీపై సన్నని వాహకపు పొరయగును. దానివెంట ప్రవాహము స్తంభమునకు కారును. బంధకములకు గొడుగువంటి అంచులు చేయుట ఈ కారుదలకు దారిని పొడిగించుటకే. ఓవర్‌హెడ్ లైన్లకు రాగికంటె అల్యూమినియము ఎక్కువగా వాడుటకు కారణము తేలికదనము. అదే వాహకతకు అల్యూమినియపు తీగ రాగితీగ బరువులో సగము మాత్రమే తూగును. దానికి బలమిచ్చుటకు నడుమ పెట్టు ఉక్కుపోగులు ఉప్పుగాలికి త్రుప్పుపట్టును.

1996 నవంబరు 6న కోనసీమను కూల్చిన తుపాను ఈ తీగల ప్రాణమెంత పలుచనిదో చూపినది. కొబ్బరిచెట్లతోబాటు స్తంభములును వేలసంఖ్యలో నేలకొరిగినవి. గ్రామములు చాల దినములు చీకటిలో నుండెను. ‘కరెంటు పోయినది’ అను మాటకు ఆ దినములలో వచ్చిన బరువు ఏ నిఘంటువునను చేరలేదు.

6. నేలక్రింది వాయువు

కృష్ణా గోదావరి తీరమున సహజవాయువు లభించుటతో కోనసీమ కరెంటును పొందు సీమగానే గాక, దానికి మూలమునిచ్చు సీమగాను మారినది. 1990 ప్రాంతమున విజ్జేశ్వరమునను, ఆ దశాబ్ది ద్వితీయార్ధమున జేగురుపాడు, కాకినాడలలోను వాయువిద్యుత్కేంద్రములు వెలసినవి. వీనిలో విజ్జేశ్వరము కాటన్ ఆనకట్ట పడమటి కొన. నీటిని మళ్లించిన చోటనే వాయువు చక్రములను త్రిప్పినది. వాయువు మండి పుట్టిన వేడిగాలి ఒక టర్బైనును త్రిప్పును. మిగిలిన వేడితో నీరు ఆవిరియై రెండవదానిని త్రిప్పును. కడపట జరుగునది మరల ఫారడే చూపినదే.

ఈ వాయువు చరిత్రలో రెండు తేదీలు కోనసీమ మరువనివి. 1995 జనవరి 8న పాసర్లపూడిలో బావి పేలి రెండు నెలలకు పైగా మండినది. ఆ మంట మార్చిలో గాని ఆరలేదు. 2014 జూన్ 27 వేకువను నగరము గ్రామమున, తాటిపాకనుండి కొండపల్లి విద్యుత్కేంద్రమునకు వాయువును కొనిపోవు గొట్టము పగిలి, ఇరువదిమందికి పైగా సజీవదహనము పాలైరి. పొడివాయువుకొఱకు ఉద్దేశింపబడిన గొట్టములో తడివాయువు సాగుటచే లోపల త్రుప్పుపట్టెనని విచారణలో తేలెను.

త్రుప్పు అనునది విద్యుద్రసాయన చర్య. తడి ఇనుములో ఒక చోటు ఎలక్ట్రాన్లను విడుచును, మరియొక చోటు గ్రహించును. లోహములో ఎలక్ట్రాన్లు, తేమలో అయానులు కదలి వలయము పూర్తియగును. ఇది వోల్టా దొంతిలో జరిగినదే, మిక్కిలి నెమ్మదిగా. దీపమునకు కరెంటునీయ బయలుదేరిన వాయువు, తన గొట్టములోనే పుట్టిన కనరాని కరెంటుచే దారిలో పగిలి జనులను దహించెను. పదార్థములలో విద్యుత్తు ఎట్లు పోవునో తెలిసికొనుట తరగతిగది విషయము మాత్రమే కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి అక్కరలేదు. గొట్టములోని తేమను తొలగించుట, లోపలి మందమును కాలానుగుణముగా పరీక్షించుట అను పనులు ఈ జ్ఞానము చెప్పు కర్తవ్యములు.

7. ఫలితాంశము

ఇంతవరకు చూచినదానినుండి మూడు విషయములు తేలుచున్నవి.

మొదటిది: ఒక సీమకు విద్యుత్తు వచ్చినదనుటకు ఒక తేదీ చాలదు. అది తంతిగా, దీపముగా, వాయువుగా వేర్వేరు పదార్థములద్వారా, వేర్వేరు కాలములలో వచ్చినది. వాడుకపదములు ఈ పొరలను దాచియుంచినవి. పరిశోధక విద్యార్థులు ఈ పదములను ఊరూర సేకరించినచో శాసనములవలె ఉపకరించును.

రెండవది: ‘మా వాయువు, మా కరెంటు’ అను వాదమును సరిగా అర్థము చేసికొనవలెను. 2013 డిసెంబరు 31న దక్షిణ విద్యుద్జాలము దేశజాలముతో ఏకీభవించినది. నాటినుండి దేశములోని జనరేటర్లు ఒకే లయలో తిరుగుచున్నవి. ఆ జాలములో ఏ శక్తి ఎచటిదో వేరుచేసి చూపుట శాస్త్రదృష్టితో అసాధ్యము. కరెంటునకు పుట్టినయూరు లేదు. కాని భారమునకు పుట్టినయూరు కలదు. జలాపుట్ క్రింద మునిగిన పొలమునకు, నగరమున కాలిన ఇంటికి చిరునామా కలదు. కోనసీమవారి వాదములోని న్యాయము కరెంటు యాజమాన్యమునందు లేదు, భారపు లెక్కయందే యున్నది. కావున చరిత్రకారుడు లెక్కింపవలసినది పంపబడిన యూనిట్లను మాత్రమే కాదు. పంపుటకై ఒక్కొక్క చోటు చెల్లించినదానిని కూడ.

మూడవది: పదార్థమును విడిచి విద్యుత్తు చరిత్ర లేదు. రాగి, అల్యూమినియము, పింగాణి, ఉప్పు, త్రుప్పు అను ఇవి ఆ చరిత్రలోని పాత్రలు. భౌతికశాస్త్ర శాఖలవారు, చరిత్రశాఖలవారు, భాషాశాఖలవారు ఎవరికి వారుగా వ్రాసికొన్నంతకాలము ఈ పాత్రలు మాటాడవు. కొండలలో పుట్టి సఖినేటిపల్లి ప్రక్కగా సముద్రమును చేరు ఒక్క నదిని అనుసరించి పోయినంతనే ఇన్ని విషయములు కలిసివచ్చినవి. ఇటులనే ఒక్కొక్క నదిని, ఒక్కొక్క తీగను పట్టుకొని మన విద్యార్థులు పరిశోధనకు పూనుకొందురుగాక యని మా ఆకాంక్ష.